బెల్టు చూపిస్తే చాలు

జూన్ 2, సోమవారం

తమ్ముడికి,

నీ బస్సు మలుపు తిరిగి కనపడకుండా పోయాక మీ మేస్త్రి రోడ్డు మీదే కూలబడ్డాడు. పిలిస్తే రాడు, లాగితే కదలడు. చివరికి మీ బావ, నేను చెరో పక్క పట్టుకుని రెండో అంతస్తు దాకా మోసుకొచ్చాం. "మీ తమ్ముడు కుక్క అన్నాడు, దూడ అని చెప్పలేదే" అని మీ బావ గుమ్మంలోనే కుర్చీ వేసుకుని అరగంట ఆయాసపడ్డారు.

నువ్వున్న కొండల్లో ఫోన్లు అందవు, పదిరోజులకోసారి వచ్చే రేషన్ లారీయే టపా అని చెప్పావు గనక అన్నీ ఒక్కసారే రాస్తున్నాను. ఆరు నెలలు వీణ్ణి చూసుకుంటానని మాటిచ్చాను. చూసుకుంటాను. కానీ కుక్కని పెంచడం నాకు బొత్తిగా కొత్తని నీకూ తెలుసు.

నువ్వు గోనెసంచిలో పెట్టి ఇచ్చిన సామాను చూశాను. మెడకి కట్టేది సగం నమిలేసి ఉంది, తాడు కొస పీచుపీచుగా ఉంది. రెండూ పారేసి కొత్తవి తెచ్చాను. దుకాణం ముసలాయన ఓపిగ్గా చెప్పాడు. మెడపట్టీకి, మెడకి మధ్య రెండు వేళ్ళు దూరాలట. లాగే కుక్కకి మెడపట్టీ కన్నా ఛాతీ చుట్టూ వచ్చే పట్టీ నయమట. అది వేస్తే గొంతు నొక్కుకోదు. ముళ్ళ గొలుసు కూడా చూపించాడు. దాన్ని ముట్టుకోబుద్ధి కాలేదు, వద్దన్నాను. తాడు బరువు లేనిది, ప్లాస్టిక్ కొక్కెంది తీసుకున్నాను. వేసినా తీసినా చప్పుడు కాదు.

అసలు చిక్కు అరుపు. ఉన్నట్టుండి లేచి తలుపు దగ్గరికి ఉరికి ఇరవై నిమిషాలు ఏకబిగిన అరుస్తాడు. ఎందుకో అంతుపట్టదు. మీ బావకి ఇంట్లో కూర్చుని ప్రూఫులు దిద్దే పని. ఒక్కో అరుపుకి ఒక్కో అక్షరం జారిపోతోందట. కింద ఉండే ఇంటావిడ ఇప్పటికి రెండుసార్లు పైకొచ్చి మెట్ల మీద నించుని వెళ్ళింది. ఏమీ అనలేదు. అనకపోవడమే భయం.

నేను ఒక నోటుపుస్తకం పెట్టాను. ఎన్నింటికి అరిచాడు, ఎంతసేపు, అంతకుముందు ఏం జరిగింది అని మూడు గడులు గీశాను. మొదటి రెండూ నిండుతున్నాయి. మూడో గడి ఖాళీగా ఉంటోంది.

ఇంకొకటి. నిన్న స్నానాలగది గోడ బాగుచెయ్యడానికి నిజం మేస్త్రి వచ్చాడు. నేను వంటింట్లోంచి "మేస్త్రీ! మంచం దిగు!" అని కేకేశాను. పాపం ఆయన "నేనింకా కూర్చోనేలేదమ్మా" అన్నాడు. ఏం పేరురా అది?

ఆరోగ్యం జాగ్రత్త. సొరంగంలోకి వెళ్ళేటప్పుడు టోపీ పెట్టుకో.

అక్క


జూన్ 14

అక్కా,

నీ ఉత్తరం లారీ డ్రైవర్ ఉల్లిపాయల బస్తా మీద పెట్టి తెచ్చాడు. కళ్ళు మండుతుంటే చదివాను, మా వాళ్ళంతా ఏడుస్తున్నానే అనుకున్నారు.

పేరుకేం, బ్రహ్మాండమైన పేరు! వాడు దొరికినప్పుడు ఇసకకుప్ప మీద కూర్చుని పనివాళ్ళందర్నీ అజమాయిషీ చేస్తుండేవాడు. ఇటుక వంకరగా పెడితే ఒక అరుపు. వాడికి ఇంకో పేరు ఎవరికీ తట్టలేదు.

నువ్వు తెచ్చిన ఛాతీ పట్టీ మంచిపని. నేను కొందాం కొందాం అని రెండేళ్ళు గడిపాను. నీ పుస్తకం సంగతి చదివి నవ్వుకున్నాను గానీ, అదీ మంచిదే. నాకు తెలిసింది రాస్తాను. అరుస్తున్నప్పుడు నువ్వు కూడా అరవకు, వాడికి తోడు దొరికిందనుకుంటాడు. అరుపు ఆపి ఊపిరి తీసుకుంటాడు చూడు, సరిగ్గా అప్పుడు గుడ్డు ముక్క పెట్టు. అరిచేటప్పుడు పెట్టావో, అరిచినందుకు జీతం ఇచ్చినట్టే. ఒక చాప వేసి అదే వాడి చోటని అలవాటు చెయ్యి. పొద్దునా సాయంత్రం నడవాలి, లేకపోతే ఆ ఓపికంతా గొంతులోంచి వస్తుంది.

వీటన్నిటికీ లొంగకపోతే ఒకటే మందు. బెల్టు తీసి చూపించు. చూపిస్తే చాలు, ఇంకేం చెయ్యక్కర్లేదు. మా గదిలో తలుపు వెనక మేకుకి వేలాడుతుండేది. నేను మేకు మీదనుంచి తీస్తున్న చప్పుడుకే అరుపు ఆపేసి నా కాళ్ళ దగ్గరికి వచ్చేసేవాడు. నువ్వూ అలాగే మేకుకి తగిలించి ఉంచు.

బావకి చెప్పు, జారిపోయిన అక్షరాలన్నీ నేను వచ్చాక ఏరిపెడతానని.

నీ తమ్ముడు


జూన్ 24, మంగళవారం

తమ్ముడికి,

చాప అలవాటైంది. గుడ్డు ముక్కతో తొమ్మిదో రోజుకి "చాప" అనగానే వెళ్ళి కూర్చుంటున్నాడు. కూర్చుని మీ బావ దిద్దే కాగితాల వంక అజమాయిషీగా చూస్తాడు. ఆయన తప్పు దొరకగానే వాడితో చెబుతారు, "చూశావా మేస్త్రీ, మళ్ళీ ఒత్తు ఎగరగొట్టాడు" అని. వాళ్ళిద్దరికీ బాగానే కుదిరింది.

అరుపు మాత్రం తగ్గలేదు. అరుపు పట్టుకుంటే చాపా గుర్తుండదు, గుడ్డూ గుర్తుండదు. ఇప్పటికి ఇరవై మూడు సార్లు రాశాను. ఒక వారమంతా మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో అరిచాడు. సరే దొరికాడనుకుంటే పై వారం సాయంత్రం ఎనిమిదికి మార్చాడు. మూడో గడి ఇంకా ఖాళీయే.

నిన్న ఇంటావిడ నోరు తెరిచింది. "ఏమనుకోకండి, నాకు గుండెదడ. జులై ఆఖరు దాకా చూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే కుక్కన్నా వెళ్ళాలి, మీరన్నా వెళ్ళాలి" అంది. మర్యాదగానే అంది. పద్దెనిమిదేళ్ళుగా ఈ ఇంట్లో ఉంటున్నాం, ఆవిడ చేత మాట పడటం ఇదే మొదటిసారి.

ఆ బెల్టు సంగతి మాత్రం నా వల్ల కాదురా. మన ఇంట్లో పెరిగినదాన్ని. అది చేత్తో పట్టుకోవడమే నాకు కష్టం. ఇంకేదైనా దారి ఉంటే రాయి.

అక్క


జులై 5

అక్కా,

మన ఇంట్లో పెరిగితే ఏం? మన ఇంట్లో కుక్కే లేదు కదా, అందుకే నీకు భయం. మొదట్లో నాకూ చెయ్యి వణికేది. పట్టుకోగా పట్టుకోగా అదే వస్తుంది.

ఇందులో మొహమాటం ఏముంది చెప్పు? వాడి మంచికే కదా. రోజూ రెండుపూటలా చూపించు. నాలుగు రోజులు పోయాక నువ్వు మేకు వైపు చూస్తే చాలు, వాడికి అర్థమైపోతుంది. నా మాట నమ్ము. వాణ్ణి జులై ఆఖరుకల్లా పంపించేస్తే నేను ఇక్కణ్ణించి ఏం చెయ్యగలను? సొరంగం రెండు వైపుల నుంచీ తవ్వుతున్నారు, అవి మధ్యలో కలవాల్సిన గీత కొలిచే పని నా చేతిలో ఉంది. జానెడు తప్పినా రెండు సొరంగాలవుతాయి. నన్ను వదలరు. వాడు తప్ప నాకోసం ఎదురుచూసే ప్రాణి లేదు. నువ్వున్నావనుకో, నీకు నీ ఇల్లుంది.

కాబట్టి భయపడకుండా మొదలుపెట్టు. ఎలా ఉందో రాయి.

నీ తమ్ముడు


జులై 16, బుధవారం

బావమరిదికి,

దస్తూరీ చూసి కంగారుపడకు. మీ అక్క చెబుతుంటే నేను రాస్తున్నాను. ఆవిడ కుడిచేతికి కట్టు ఉంది. అచ్చుతప్పులు నావి, మిగతావన్నీ ఆవిడవి.

నిన్న సాయంత్రం మేస్త్రి కరిచాడు. మణికట్టు పైన నాలుగు పళ్ళు దిగాయి. మధ్య అంతస్తులో ఉండే నర్సమ్మ అప్పుడే డ్యూటీ నుంచి వచ్చింది, ఆవిడే కడిగి కట్టుకట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. మేస్త్రికి వెయ్యాల్సిన టీకాలన్నీ వేసి ఉన్నాయి, నువ్వు ఇచ్చిన కార్డు చూపించాం. అయినా మీ అక్కకి సూదులు తప్పలేదు. ప్రాణభయం ఏమీ లేదు.

(ఇప్పుడు ఆవిడ మాటలు.) "నువ్వు రాసినట్టే చేశాను. తలుపు వెనక మేకు కొట్టించి తగిలించాను. నిన్న ఎనిమిదింటికి అరుపు మొదలుపెడితే తీసి చూపించాను. కరిచాడు. అంతే." అంతేనా అని అడిగాను. అంతే రాయమంది.

(ఇవి నా మాటలు, ఆవిడ వంటింట్లోకి వెళ్ళింది.) ఆ సమయంలో నేను ప్రెస్సుకి కాగితాలు ఇచ్చి రావడానికి వెళ్ళాను. వచ్చేసరికి మీ అక్క నేలమీద కూర్చుని ఉంది, మేస్త్రి మా మంచం కింద గోడమూలకి నక్కి ఉన్నాడు. ఇద్దరూ ఒకళ్ళ వంక ఒకళ్ళు చూడటం లేదు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో మీ అక్క నోటుపుస్తకంలో ఒక రోజు గడి ఖాళీగా వదిలెయ్యడం నేను చూడలేదు. పాలవాడు రాని రోజు కూడా రాలేదని రాసే మనిషి. నిన్నటి గడి ఖాళీగా ఉంది. నువ్వు ఏమైనా అడిగి రాబట్టగలవేమో చూడు.

బావ


జులై 20

అక్కా,

ఈ లారీ వెంటనే తిరిగి వెళ్ళిపోతోందట, నాలుగు ముక్కలు రాస్తున్నాను. వానలు మొదలయ్యాయి. నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు, అంటే అంతా సవ్యంగా ఉన్నట్టే.

రెండుపూటలా చూపిస్తున్నావా? చూపించగానే వాడి ముఖం చూశావా? నాకు ఆ ముఖం చూస్తే రోజంతా పడ్డ కష్టం దిగిపోయేది. నిజం చెప్పు, నీకూ సరదాగానే ఉంది కదూ? మొదట ఎంత బెట్టు చేశావు!

నీ తమ్ముడు


జులై 31, గురువారం

తమ్ముడికి,

కట్టు విప్పారు. నేనే రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతున్నాయి, సర్దుకో.

నీ జులై 20 ఉత్తరం నిన్న వచ్చింది. మీ బావకి చూపించలేదు. సరదాగా ఉందా అని అడిగావు. నిన్ను చంకనేసుకుని పెంచాను, ఇలాంటి మాట నీ నోట వస్తుందనుకోలేదు. నాన్న బుద్ధి నీకెక్కణ్ణించి అబ్బిందిరా? ఆయన చేతి దెబ్బ ఒక్కటి కూడా నువ్వు తినలేదే! ఆయనైనా ఎప్పుడూ సరదా అనలేదు. "నీ మంచికే" అనేవాడు. నువ్వూ అదే మాట రాశావు. తలుపు వెనక మేకు, తీస్తున్న చప్పుడు, కాళ్ళ దగ్గరికి రావడం, అన్నీ అవే రాశావు. చదువుతుంటే నాకు నలభై ఎనిమిదేళ్ళు పోయి తొమ్మిదేళ్ళే ఉన్నట్టు అనిపించింది.

మీ బావ రాసిన ఉత్తరంలో "చూపించాను, కరిచాడు" అని చెప్పించాను. అది నిజం కాదు. ఆయన ఎదురుగా చెప్పలేకపోయాను.

జరిగింది ఇది. మీ బావకి పొట్ట వచ్చాక బీరువాలో పడేసిన తోలు బెల్టు ఒకటుంది, ఇత్తడి బకిల్‌ది. దాన్ని మేకుకి తగిలించాను. పదిహేనో తేదీ రాత్రి భోజనాలకి ముందు, ఎనిమిదికి మేస్త్రి తలుపు దగ్గర అరుపు మొదలుపెట్టాడు. కింద ఇంటావిడ తలుపు తెరిచిన చప్పుడైంది. నేను మేకు మీదనుంచి బెల్టు తీశాను. బకిల్ గోడకి తగిలి మోగింది. వాడు చటుక్కున అరుపు ఆపేశాడు. నువ్వు చెప్పినట్టే జరిగింది. ఆపి, తోక ఊపుకుంటూ నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. ముందు కాళ్ళెత్తి నా మీదికి ఎగిరాడు.

అప్పుడు కొట్టాను.

చూపిస్తే చాలని నువ్వు రాశావు. కానీ మన ఇంట్లో అది మేకు దిగితే ఊరికే మళ్ళీ ఎక్కేది కాదు. నాన్న "రా" అనేవాడు. నేనే నడుచుకుంటూ ఆయన దగ్గరికి వెళ్ళాలి. వెళ్ళాక పడేది. బకిల్ గుప్పిట్లో ఉంచుకుని, తోలు రెండు మడతలు వేసి పట్టుకోవాలని నాకెవరు నేర్పారు? చూసుకుంటే అలాగే పట్టుకుని ఉన్నాను. వీపు మీద పడింది. అయినా వాడు వెంటనే కరవలేదు. ఒక్క క్షణం నా ముఖంలోకి చూశాడు, ఏదో పొరపాటైంది అన్నట్టు. నేను చెయ్యి రెండోసారి ఎత్తాను. అప్పుడు కరిచాడు.

వాడు చేసిందాంట్లో తప్పు ఎక్కడుందో వెతికాను. దొరకలేదు.

ఇవాళ్టితో ఇంటావిడ ఇచ్చిన గడువు అయిపోయింది. మేస్త్రి మంచం కింది నుంచి రావడం లేదు. మేం లేనప్పుడు బాల్కనీలోకి వెళ్ళి కాలకృత్యాలు తీర్చుకుని మళ్ళీ దూరిపోతాడు. ఛాతీ పట్టీ వెయ్యబోతే పళ్ళు చూపించడు, ఒళ్ళంతా వణుకుతాడు. పళ్ళు చూపించినా బాగుండేది. తోక ఊపుకుంటూ ఎందుకు వచ్చాడో అది మాత్రం నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. నువ్వు ఏం అలవాటు చేశావురా వాడికి?

అక్క


ఆగస్టు 11

అక్కా,

కొండచరియ విరిగిపడి మూడు వారాలు లారీ రాలేదు. బావ ఉత్తరం, నీ ఉత్తరం నిన్న ఒక్కసారే అందాయి. ఏది ముందు రాయాలో తెలియడం లేదు.

బెల్టు అంటే మెడకి కట్టి నడిపించేది అక్కా. మెడపట్టీ, తాడు, రెండూ కలిపి. నువ్వు దుకాణంలో నేర్చుకుని వేరే పేర్లతో పిలుస్తున్నావు. నాకు, మా పనివాళ్ళకి, కుక్కని పెంచే ప్రతివాడికీ అది బెల్టే. షికారుకి వెళ్దామని చూపించమన్నాను. పాతదానికి ఇనప కొక్కెం ఉండేది. మేకు మీదనుంచి తీస్తుంటే గోడకి తగిలి మోగేది. ఆ చప్పుడు వింటే వాడికి పండగే. పరిగెత్తుకొచ్చి, కాళ్ళెత్తి నా మీదికి ఎగిరేవాడు.

వాడు షికారుకి అనుకున్నాడు అక్కా. అందుకే వచ్చాడు.

ఇది రాయకుండా ఉంటే నీకు మంచిదేమో అనిపించింది. కానీ నువ్వు అడిగావు.

ఇక నాన్న సంగతి. నాకు ఊహ తెలిసేసరికి ఆయన మంచంలో ఉన్నాడు, కుడివైపు పడిపోయి. ఎడంచేత్తో నాకు బొంగరాలు చెక్కేవాడు. బొంగరం సరిగ్గా తిరక్కపోతే ఆయన కళ్ళలో నీళ్ళొచ్చేవి. ఇత్తడి బకిల్ ఉన్న ఖాకీ బెల్టు ఒకటి నాకూ గుర్తుంది. డ్రైవర్ యూనిఫాంది. దాంతో అమ్మ పరుపుచుట్ట కట్టేది. హాస్టల్‌కి వెళ్ళేటప్పుడు నాకు అదే ఇచ్చింది. నాలుగేళ్ళు నా పక్క దాంతోనే కట్టుకున్నాను. అదేనా? అదే అయితే ఎవ్వరూ ఒక్క మాటైనా ఎందుకు చెప్పలేదు? నువ్వు నాకు తలదువ్వి స్కూలుకి పంపేదానివి, అన్ని కథలు చెప్పేదానివి. ఇది ఎందుకు చెప్పలేదు?

సెలవు అడిగాను. గీత కలిసేదాకా కుదరదన్నాడు ఇంజనీరు. బతిమాలాను. "కుక్క కోసమా?" అన్నాడు. కుక్క కోసమే కాదు అన్నాను. సెప్టెంబరు ఇరవైకి ముందు కదలలేను. ఇంటావిడ ఏం చేసింది? మేస్త్రిని పంపించేశావా? ఈ ఉత్తరం చేరేసరికి ఏమైపోయి ఉంటుందో. నీ చెయ్యి ఎలా ఉంది? నాకు నీ మీద కోపం లేదు. ఎవరి మీద ఉందో తెలియడం లేదు.

నీ తమ్ముడు


ఆగస్టు 22, శుక్రవారం

తమ్ముడికి,

ముందు నువ్వు అడిగిన వాటికి జవాబులు.

చెయ్యి బాగానే ఉంది. చపాతీకర్ర పట్టుకుంటే మాత్రం లాగుతుంది.

మేస్త్రి ఇక్కడే ఉన్నాడు. పంపలేదు. ఆగస్టు ఒకటిన ఇంటావిడ పైకొచ్చింది. నేను చేతులు కట్టుకుని నించున్నాను, ఇల్లు ఖాళీ చేస్తామని చెప్పడానికి సిద్ధపడి. ఆవిడ నవ్వి, "పదిహేను రోజులై ఒక్క అరుపు లేదే! బాగా దారికి తెచ్చారమ్మా. ఇలా బుద్ధిగా ఉంటే ఎన్నాళ్ళైనా ఉండనివ్వండి" అంది. థాంక్స్ అన్నాను కూడా.

నన్ను కూడా చిన్నప్పుడు అందరూ అలాగే అనేవాళ్ళు. ఎంత బుద్ధిమంతురాలు, ఇంట్లో ఆడపిల్ల ఉన్నట్టే తెలియదు అని.

అరుపు ఎందుకో కనిపెట్టాను. కట్టు విప్పినా చెయ్యి లాగుతోందని కొన్నాళ్ళు వంటింటికి పోకుండా ముందుగదిలో ఊరికే కూర్చునేదాన్ని. ఒక మధ్యాహ్నం కింద స్కూటర్ ఆగింది. నర్సమ్మది. నీ స్కూటర్ ఏ కంపెనీదో ఇదీ ఆ కంపెనీదే, అదే చప్పుడు. వంటింట్లో కుళాయి హోరులో అన్నాళ్ళూ నాకు వినపడలేదు. మంచం కింద మేస్త్రి చెవి నిక్కింది. నోరు తెరిచాడు. తెరిచి, మళ్ళీ మూసేసుకున్నాడు.

పుస్తకం పట్టుకుని కిందికి పరిగెత్తాను. నర్సమ్మ డ్యూటీ కాగితం పక్కన పెట్టి చూశాను. వారం వారం ఆవిడ షిఫ్టు మారితే వీడి అరుపూ మారింది. నలభై ఒక్క గడులు, అన్నీ సరిపోయాయి. నువ్వొచ్చావని చెప్పేవాడురా. చెప్పినా మేం తలుపు తియ్యకపోతే ఇరవై నిమిషాలు చెప్పేవాడు. నర్సమ్మ, "అయ్యో, ముందే తెలిస్తే వచ్చిన ప్రతిసారీ ఒక నిమిషం పైకొచ్చి పలకరించి వెళ్ళేదాన్ని కదండీ" అంది. ఇప్పుడు వస్తోంది. వాడు చెవి నిక్కించడం కూడా మానేశాడు.

ఇక నువ్వు అడిగిన పెద్ద ప్రశ్న. అవును, అదే బెల్టు. ఎందుకు చెప్పలేదంటే, నీకు ఏడాది నిండేసరికి ఆయన పడిపోయాడు. బొంగరం తిరక్కపోతే కళ్ళనీళ్ళు పెట్టుకునే మనిషి గురించి నీకు ఏమని చెప్పను? చెప్పకపోతే అది నాతో ఆగిపోతుందనుకున్నాను. ఆగలేదు. నా చేతిలోనే ఉంది.

నాకీ నోటుపుస్తకాల అలవాటు ఎలా వచ్చిందో మీ బావకి కూడా తెలియదు. ఎనిమిదో ఏట మొదలుపెట్టాను, లెక్కల కాపీ వెనకపేజీల్లో. బెల్టు ఎప్పుడు దిగింది, ఎన్ని పడ్డాయి, అంతకుముందు నేనేం చేశాను. మూడు గడులు. ఏ పని చేస్తే దిగుతుందో కనిపెడితే ఆ పని మానెయ్యొచ్చని. పాలు ఒలికించడం మానేశాను, గట్టిగా నవ్వడం మానేశాను, వీధి తలుపు చప్పుడు కాకుండా వెయ్యడం నేర్చుకున్నాను. ఆరేళ్ళు రాశాను. మూడో గడిలో రాసింది ఏదీ పై వారానికి నిలబడలేదు. మేస్త్రి అరుపుకి కారణం దొరికింది చూడు, నలభై ఒక్కటికీ ఒకటే కారణం. కారణం ఉండే పుస్తకం కూడా ఉంటుందని నాకు తెలియదు.

నీకు తెలిసిన నాన్నని నువ్వు పాడుచేసుకోకు. బొంగరాలు చెక్కింది కూడా ఆయనే. నేను రెంటినీ కలపలేకపోయాను, నిన్ను కలపమనను.

పదిహేనో తేదీ గడి నింపాను. ఎనిమిది గంటలు. ఒక దెబ్బ. అంతకుముందు: ఏమీ చెయ్యలేదు. మీ బావకి చూపించాను. ఆయన చదివి, దిద్దడానికేమీ లేదని, పెన్ను మూతపెట్టి పక్కన కూర్చున్నారు.

జంతువుల డాక్టరమ్మ చెప్పినట్టు చేస్తున్నాను. ఎదురుగా కూర్చోకూడదు, పక్కకి తిరిగి నేలమీద కూర్చోవాలి, కళ్ళలోకి చూడకూడదు, పిలవకూడదు. గుడ్డు ముక్కలు నేలమీద వరసగా పెట్టాలి. పట్టీ వాడి పళ్ళెం పక్కనే ఊరికే పడుండాలి, ఎవరూ దాన్ని ఎత్తకూడదు. వాడికీ నాకూ మధ్య దూరం గచ్చు పలకల్లో కొలుస్తున్నాను. ఆగస్టు నాలుగున ఏడు పలకలు. పదిన అయిదు. పన్నెండున మీ బావ బీరువా తలుపు గట్టిగా వేశారు, మళ్ళీ ఏడు. నిన్న నాలుగు. నీ ఉత్తరం చదివి ఇనప సామాన్ల దుకాణానికి వెళ్ళి పాత రకం కొక్కెం తెచ్చాను. కొత్త తాడుకి బిగించాను. ఇంకా మోగించలేదు. ఆ చప్పుడు వాడికి ఇప్పుడు ఏ చప్పుడో నాకు తెలియదు. నీ చేతిలో మోగితే వేరుగా ఉంటుందేమోనని నీకోసం ఉంచాను. ఏ మేకుకీ తగిలించలేదు. తలుపు వెనక మేకు పీకేశాను.

అరుపుల గడి రోజూ రాస్తున్నాను. ముప్పై ఎనిమిది రోజులుగా సున్నా.

నువ్వు వెళ్తూ మెకానిక్ షెడ్డులో వదిలిన స్కూటర్ అక్కడే ఉంది కదా. సెప్టెంబరులో వచ్చినప్పుడు ఆటో ఎక్కకు, బండి తీసుకుని దాని మీదే రా. మన మెట్ల దగ్గర ఆపు. ఆపి వెంటనే పైకి రాకు. బండి పక్కనే కాసేపు నించో. ఇంటావిడ తిట్టినా సరే, ఇంట్లోంచి వెళ్ళగొట్టినా సరే, నేను పైన కిటికీ తెరిచి ఉంచుతాను.

అరిస్తే పరిగెత్తుకురా. అరవకపోయినా రా.

అక్క